ఎమ్మెల్యే సీటు

పాత ఎర్ర బస్సుల్లో ముందు సీటు పైన, కిటికీ రేకు మీద పెయింటుతో రాసి ఉండేది: ఎం.పి., ఎం.ఎల్.ఎ., ఎం.ఎల్.సి.లకు అని. 1981లో ఆర్టీసీ కండక్టరుగా టికెట్టు ట్రే చేతికిచ్చారు, 2016లో తీసుకున్నారు. ఈ 35 ఏళ్లలో ఆ సీట్లోంచి మామూలు ప్రయాణికుల్ని లేపాల్సి వచ్చింది ఏ పదిసార్లో. అదంతా నా సర్వీసు మొదటి సగంలోనే. తర్వాత ఆ సీటు కోసం ఎవరూ రాలేదు.

ఒక్కటి మాత్రం బాగా గుర్తు. 1986 వానాకాలం అనుకుంటా. నైటవుట్ బండి, చివరి ట్రిప్పు. దారిలో చెయ్యెత్తి ఒకాయన ఎక్కాడు. మోకాళ్ల దాకా బురద, చంకలో గుడ్డసంచి. నేను అలవాటుగా టికెట్టు చించబోతుంటే జేబులోంచి పాసు తీశాడు. చూస్తే ఎమ్మెల్యే. ఆయనకు రాసిపెట్టిన సీట్లో ఒక ముసలమ్మ నిద్రపోతోంది. లేపబోతే, ‘ఉండనీవయ్యా’ అని వెళ్లి డ్రైవరు పక్కన బానెట్ మీద కూర్చున్నాడు. ఎమ్మెల్యే గదా, పాసు నంబరు అడిగితే ఏం బాగుంటుందని నేను ముందుకెళ్లిపోతుంటే వెనక్కి పిలిచాడు. ‘నంబరు ఎస్సార్ షీటులో ఎక్కించు. రేపు చెకింగ్ వాళ్లు ఎక్కి తలలు లెక్కపెడితే నా ఒక్కడి తేడా నీ మెడకు చుట్టుకుంటుంది’ అన్నాడు. కండక్టరు మెడకు ఏది చుట్టుకుంటుందో తెలిసిన ఎమ్మెల్యేని మళ్లీ చూడలేదు. ఏ నియోజకవర్గమో చెప్పను. చెబితే ఆయన పార్టీవాళ్లు దండలేస్తారు, ఎదుటి పార్టీవాళ్లు ఆయన మనవళ్ల ఆస్తులు తవ్వుతారు.

అలాంటివాళ్లు ఆయనొక్కడే కాదు లెండి. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లిన కథ అందరికీ తెలిసిందే. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారి నిరాడంబరత గురించి గుంటూరు వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా పాత ఖమ్మం జిల్లాలో ఇల్లెందు నుంచి గుమ్మడి నర్సయ్య గారు ఐదుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. బస్సుల్లో, సైకిలు మీద తిరిగే ఎమ్మెల్యేగానే ఆయనకు పేరు. ఇదంతా మొన్నమొన్నటి మాట, పురాణకాలం కాదు.

జీతాల సంగతికొద్దాం. నేను డ్యూటీలో చేరిన ఏడాది పార్లమెంటు సభ్యుడి నెల జీతం 500 రూపాయలు. సభ జరిగే రోజులకు భత్యం వేరే. 1954లో చట్టం చేసినప్పుడు 400, 1964లో 500, ఆ తర్వాత 19 ఏళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు నా మనవరాలికి ఈ మాట చెబితే ‘రోజుకా తాతా?’ అంది. 1998లో 4,000 అయింది, 2001లో 12,000. 2010లో మాత్రం తమాషా జరిగింది. ఎంపీల సంఘం ఒకటి కూర్చుని జీతం 80,001 ఉండాలని తేల్చింది. కేంద్ర ప్రభుత్వ సెక్రటరీకి 80,000 కదా, ఆయన కంటే ఒక్క రూపాయైనా ఎక్కువ ఉండాలట. చివరికి 50,000 ఇచ్చారు. అది చాలదని కొందరు లోక్‌సభలోనే పోటీ సభ పెట్టి, లాలూప్రసాద్‌ని ప్రధానమంత్రిగా కూర్చోబెట్టి గోల చేశారు. చిల్లర దగ్గర ప్రయాణికులతో రోజూ పేచీ పడేవాణ్ని నేను. ఆ ఒక్క రూపాయి పట్టుదల నాకంటే బాగా ఎవరికర్థమవుతుంది! తర్వాత 2018లో జీతం లక్ష చేసి, ఇక మీదట ఐదేళ్లకోసారి ధరల సూచీని బట్టి పెరిగేలా కట్టేశారు. ఆ లెక్కనే ఇప్పుడు 1,24,000 అయింది. నిజం చెప్పాలంటే అది కొంత నయం. మా డీఏ లాగే ధరలను బట్టి పెరుగుతుంది, చేతులెత్తే పని లేదు.

నాకు మండేది 2016 మార్చి సంగతి.

అంతకు పది నెలల ముందు, 2015 మే నెలలో మేం సమ్మె చేశాం. రెండు రాష్ట్రాల్లోనూ ఎనిమిది రోజులు బస్సు కదల్లేదు. డిపో ముందు టెంటు కింద ఎండలో కూర్చున్నాం. మజ్జిగ ప్యాకెట్లు పంచారు, పాటలు పాడారు, ఇద్దరికి వడదెబ్బ తగిలింది. ఊళ్లో జనం ‘మీకేం తక్కువైందిరా’ అని తిట్టుకుంటూ ఆటోల వెంట పరుగెత్తారు. చివరికి తెలంగాణలో 44 శాతం ఫిట్‌మెంటు, ఆంధ్రాలో 43. స్వీట్లు పంచుకున్నాం. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పెంపు అది.

మరుసటి ఏడు మార్చిలో హైదరాబాదులో తెలంగాణ అసెంబ్లీలో బిల్లు పెట్టారు. ఎమ్మెల్యేకి నెలకు 95,000 ఉన్నది 2,50,000 అయింది. శాతంలో చెప్పాలంటే 163. దేశంలో ఎమ్మెల్యేలకు అంత జీతం అప్పటికి ఏ రాష్ట్రంలోనూ లేదు. వీళ్లకు టెంటు లేదు, మజ్జిగ లేదు, చెట్టు కింద మీటింగు లేదు. అప్పటికింకా ఆంధ్రా అసెంబ్లీ కూడా హైదరాబాదులోనే ఉండేది. అదే నెలలో వాళ్లూ 95,000ని 1,25,000 చేసుకుని, పైన ఇంటి అద్దెకు 50,000 పెట్టుకున్నారు. విడిపోయాక నీళ్ల దగ్గర, ఆస్తుల దగ్గర కలవని రెండు రాష్ట్రాలు ఈ ఒక్క పనిలో ఒక నెల తేడా కూడా లేకుండా కలిశాయి. తెలంగాణ లెక్కలో ఇంకో కిటుకుంది. ఆ రెండున్నర లక్షల్లో జీతమని రాసుకున్నది 20,000. మిగతా 2,30,000 నియోజకవర్గ భత్యం. నియోజకవర్గ భత్యానికి ఆదాయపు పన్ను పడదు. మా ఓటీ డబ్బుల మీద కూడా పన్ను కోసేవారు.

అదే జూన్‌లో నేను రిటైరయ్యాను. దండ వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. పెన్షన్ నెలకు మూడు వేల చిల్లర వస్తోంది, ఈపీఎస్ కింద. 1,000 రూపాయలు తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి నేను మోతుబరినే. ఏటా బతికే ఉన్నానని వేలిముద్ర వేసి నిరూపించుకోవాలి. నా బొటనవేలు మిషనుకు ఆనదు. 35 ఏళ్లు టికెట్టు చించీ చించీ గీతలు అరిగిపోయాయి. ‘తాతా, ఇంకో వేలు పెట్టు’ అంటాడు ఆ కుర్రాడు. పదీ పెట్టి, పది మందిలో కళ్లు కూడా ఆ మిషనుకు చూపించి వస్తాను. మాజీ ఎంపీకి పెన్షన్ 31,000. ఎన్నాళ్లు చేశాడన్న పట్టింపు లేదు, ఐదేళ్లు దాటితే పైబడ్డ ప్రతి ఏడాదికీ నెలకు 2,500 చొప్పున కలుస్తుంది. 2004 తర్వాత ప్రభుత్వోద్యోగంలో చేరిన టీచరుకు పాత పెన్షన్ ఎత్తేసింది ఈ సభలూ ప్రభుత్వాలే. పంజాబు వాళ్లు నయం, ఎన్నిసార్లు గెలిచినా మాజీ ఎమ్మెల్యేకి ఒకటే పెన్షన్ అని 2022లో తేల్చేశారు.

మా అల్లుడు గారు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. పండక్కి వచ్చినప్పుడు ఈ సోది అంతా విని, ‘జీతం తక్కువిస్తే డబ్బున్నవాళ్లే వస్తారు మామయ్య గారూ. పేదవాడు ఎమ్మెల్యే అయితే ఇల్లెలా గడుపుకుంటాడు?’ అన్నారు. మాట సబబుగానే ఉంది. కాదనడానికి నాకు కాసేపు పట్టింది. టంగుటూరి ప్రకాశం గారు బారిస్టరుగా వేలకు వేలు గడించి, 1937లో మద్రాసు ప్రభుత్వంలో మంత్రి అయి, కాంగ్రెస్ కట్టుబాటు ప్రకారం 500 రూపాయల జీతంతో పని చేశారు. ముఖ్యమంత్రి కూడా అయి, చివరికి చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయారు. అంత పెద్దాయన్ని అలా పంపడం మన గొప్పేమీ కాదు. సరే, అల్లుడు గారి మాటే నిజమనుకుందాం. జీతాలు పెరిగాయి కదా, మరి పేదవాళ్లు వచ్చారా? 2024లో గుంటూరు నుంచి గెలిచిన ఎంపీ గారు చూపించిన కుటుంబ ఆస్తి 5,700 కోట్ల పైమాట. అమెరికాలో వ్యాపారం చేసి సంపాదించుకున్నారు, తప్పు పట్టడానికేం లేదు. కానీ నెలకు 1,24,000 చొప్పున దాచుకుంటూ పోతే అంత పోగవడానికి 38,000 ఏళ్లు పైన పడుతుంది. నేను కాగితం మీద వేసి చూశాను. ఆయనకు జీతం పెంచినా ఒకటే, ఆపినా ఒకటే. కేరళలో ఎమ్మెల్యేకి 2018లో పెంచాకే 70,000. అక్కడ మనిషి దొరక్క సీట్లేమీ ఖాళీగా లేవు.

అలాగని ఎమ్మెల్యే దగ్గర ఖర్చు లేదని కూడా అనను. నా కళ్లతో చూశాను. తమ్ముడి గుండె ఆపరేషనుకు ముఖ్యమంత్రి సహాయనిధి ఉత్తరం కోసం ఒక ఎమ్మెల్యే గారి ఇంటికి వెళ్లాను. ఉదయం ఆరున్నర. గేటు లోపల ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు వరసలు. ఒకతను స్టీలు డ్రమ్ములోంచి టీ పోస్తూనే ఉన్నాడు. నాకు లెక్కపెట్టే జబ్బు ఉంది గదా, తొమ్మిదయ్యేసరికి 84 పేపరు కప్పులు. బల్ల మీద నాలుగు మూలలా పసుపు పూసిన పెళ్లికార్డులు మూరెడు ఎత్తు. పీఏ ఒక్కో కార్డూ చూసి, వెనక పెన్సిలుతో అంకె వేస్తున్నాడు. ఐదు, పది, ఐదు. వేలన్నమాట. ‘కార్డిచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లాలన్నా, వెళ్లి ఒట్టి చేతులు ఊపితే ఆ వాడంతా పోయినట్టే’ అన్నాడు. నాకు ఉత్తరం దొరికింది, టీ కూడా. ఆ ఎమ్మెల్యే గారి భత్యంలో ఒక కప్పు టీ నా కడుపులో ఉంది.

ఎన్నికల్లో ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని ఎన్నికల సంఘం గీత గీసింది. రెండున్నర లక్షలు అరవై నెలలకు కోటిన్నర. కాగితం మీద పెట్టుబడి పోను కోటీ పది మిగులు. ఈ లెక్క చెబితే మా వీధి పాలబ్బాయి కూడా నవ్వుతాడు. మా రోజుల్లో ఇవేవీ లేవని అంటూంటాను గానీ, మా రోజుల్లో కూడా పోలింగు ముందు రాత్రి సారా పంచారు. మా బస్సు టాపు మీద వెళ్లిన క్యాన్లలో కిరసనాయిలు ఒక్కటే లేదని నాకు తెలుసు. ఈమధ్య ఎన్నికల్లో మా ఇంటికి కవరు వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి వద్దని పెద్ద ఉపన్యాసం ఇస్తుండగా, మా ఆవిడ వెనకవైపు నుంచి వెళ్లి తీసుకుంది. రెండు వేలు. ‘మూడు వేల పెన్షన్‌తో మీకు ఉపన్యాసాలు బాగా వస్తాయి’ అంది. ఆ నెల గ్యాసు, మందులు దాంట్లోంచే. ఇప్పుడు చెప్పండి, ఆ ఎమ్మెల్యే జీతం ఎక్కువని నేను ఏ నోరు పెట్టుకుని అనాలి? అయినా అంటున్నాను. మేం పది పైసలు తేడా వస్తే ఛార్జిషీటు తీసుకున్నవాళ్లం. తమ జీతం తామే రాసుకున్నవాళ్లకు మెమో ఇచ్చే డిపో మేనేజరు ఎక్కడున్నాడో చూపిస్తే నా అర్జీ తీసుకెళ్లి ఇస్తాను.

పోయిన నెల ఖమ్మం నుంచి ఊరికి బస్సెక్కాను. మహిళలకు ఉచితం వచ్చాక బండి కిటకిట. కండక్టరమ్మాయి మిషనుతో సున్నా టికెట్లు టకటక కొడుతోంది, పాపం ఊపిరాడటం లేదు. నా కళ్లు ముందుకే పోయాయి. ఆ సీటు పైన స్టిక్కరు సగం ఊడింది, చివర ‘లకు’ మిగిలింది. సీట్లో ఉల్లిగడ్డల బస్తా ఒకటి నిలువునా కూర్చుని ఉంది, పక్కన దాని ఆసామి దాన్ని పడకుండా పట్టుకుని. అమ్మాయి దాటి వెళ్తుంటే ఆగి అడిగాను: ‘అమ్మా, ఆ బస్తాకు లగేజీ కొట్టావా?’

‘కొట్టాను బాబాయ్’ అంది.