వాహనవాహనీయం – టీకా తాత్పర్యం

మూలం: “బైకును మోసే వ్యాన్‌ను ఎంచుకోవడం ఒక కళ. గేరుకు తగిన చోటుండాలి. మిగతాది అనుభవమే నేర్పుతుంది.” (రైడర్ల బృందంలో ఒక పెద్దాయన ఉవాచ. ఆయన మా అపార్ట్‌మెంటులోనే ఉండటం ఈ టీకకు నిమిత్తం.)

టీక: వ్యాన్ అంటే వ్యాన్. బాలురకూ తెలుసు గనుక విడిచిపెడుతున్నాం. అక్కర్లేనిది రాయనని శపథం చేసి మల్లినాథసూరి రఘువంశ, కుమారసంభవ, మేఘదూతాలకు వ్యాఖ్య పూర్తిచేశాడు. మా మూలకారుడికి అక్కర్లేనిదే ప్రాణం గనుక మా పాట్లు వేరు.

‘బైకును మోసే’ – పూర్వపక్షం: మోయడానికి పుట్టినదాన్ని మరొకటి మోయడమేమిటి? సమాధానం: ఆగమసమ్మతమే. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదోనాటి రాత్రి స్వామి గరుత్మంతుడి మీద, గరుత్మంతుడు మనుషుల భుజాల మీద. మర్నాడు పొద్దున హనుమంతుడి వంతు. ఒక్క గెంతున సంద్రం దాటినవాడికి కూడా మాడవీధి దాటడానికి ఆ భుజాలే దిక్కు. ఎనిమిదోనాటి రథానికి చక్రాలున్నాయి గదా అంటారా, అదీ జనం తాడు పట్టి లాగితేనే కదులుతుంది. మలుపు దగ్గర నిలబడి చూసినవారికి ఎరుకే: అందరి చేతులూ, కళ్లూ పైకే. వాహనం మోసే కర్ర కింద మాత్రం ఒకడు భుజం మార్చుకుంటాడు, పక్కవాడు అడుగు సర్దుకుంటాడు. ఆ అడుగులు కలవకపోతే పైన అంత గరుత్మంతుడూ ఒరుగుతాడు. వాళ్ల మీద ఒక్క స్తోత్రమైనా నా చెవిన పడలేదు... ప్రస్తుతం బైకు.

బైకు హిమాలయన్ 450. పొడవు 2245 మి.మీ. టాటా ఏస్ గోల్డ్ తొట్టి పొడవు 2200. ఈ 45 మి.మీ. గురించి ‘కళ’ మౌనం వహించింది. బండిని ఐమూలగా నిలబెట్టాలి, లేదా వెనక తలుపు తెరిచిపెట్టాలి. బొలెరో పికప్‌కు ఈ బాధ లేదు, బాడుగ ఎక్కువ.

‘గేరుకు’ – హెల్మెట్టు, గ్లౌజులు, బూట్లు, మోచేతుల దగ్గర రక్షణ పలకలున్న జాకెట్టు. ఇవన్నీ తొడుక్కొని మూలకారుడైన మా వీరుడు హైదరాబాదు నుంచి ఎస్.కోట దాకా డ్రైవరు పక్కన కూర్చుంటాడు. అక్కడ బండి దింపించుకొని, అరకు ఘాటెక్కి, ఫొటో కింద ‘సోలో రైడ్’ అని రాసుకుంటాడు. పక్కనున్న డ్రైవరు లేడన్నాడు గనుక ఇది అపహ్నుతి అలంకారం. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాకుకు బండ్లు తీసుకెళ్లేవారిని అనడం లేదు. లైట్లు, అద్దాలు విప్పేసిన బండి రోడ్డెక్కకూడదు, వారికి వ్యాన్ అవసరం.

‘మిగతాది’ – అయ్యా, అసలు సంగతంతా ఈ ఒక్క మాటలోనే దాక్కుంది. 196 కిలోల బండి తనంతట తాను తొట్టిలోకి ఎగరదు. గట్టి బల్ల వాల్చాలి, బల్ల లేకపోతే నలుగురు ఎత్తాలి. ముందు చక్రాన్ని తొట్టి గోడకు ఆనించి, ఫోర్కు కొంచెం కుంగేదాకా రెండు వైపులా బెల్టులు బిగించాలి. మరీ కుంగదీస్తే ఆయిల్ సీలు మీద భారం. తాడు ట్యాంకుకు రాసుకోకుండా గోనెపట్టా పెట్టాలి. “అన్నీ కలిపే రేటు” అన్న వ్యాన్ ఏజెంటు, తిరిగొచ్చి బండి దింపే వేళకు ఫోనులో “హమాలీ వేరు సార్” అన్నాడు. హమాలీలు లేరు. వాచ్‌మన్, ఇస్త్రీ చేసే అబ్బాయి, డ్రైవరు, నేను. నా నడుం ఇంకా పట్టేసే ఉంది. పెద్దాయన జాకెట్టు జిప్పయినా తీయకుండా “పెయింటు జాగ్రత్త” అని ఉపదేశించారు. కళ అట!

పాఠాంతరం: “బల్ల ఉందా సార్? మనుషులున్నారా?” అని డ్రైవరు పాఠం. ఇది ప్రక్షిప్తమని పెద్దాయన పరిష్కరణలో తీసేశారు.