నలభై ఎనిమిది గంటల కుర్చీ

కార్మిక కోడ్లొచ్చేశాయి. 29 కార్మిక చట్టాలు నాలుగయ్యాయి. ఇన్‌స్పెక్టర్‌గారు కూడా 2025 నవంబరు 21 నుంచి ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్. పట్టుకోవడానికొచ్చారో పలకరించడానికొచ్చారో ఇంటివాళ్లే తేల్చుకోవాలి. సరే, ఆయన పేరు ఆయనిష్టం. నా గొడవంతా కుర్చీతో.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉన్న 48 గంటల గీతను కొత్త కోడూ భద్రంగా దాచుకుంది. ప్రాణం పోతే సర్కారుకి కబురు పెట్టాలి. దెబ్బ తగిలినవాడు 48 గంటలో, అంతకు మించో పనిచేయలేకపోయినా పెట్టాలి. ఈ గీత మీద మన సైట్ల సేఫ్టీ ఆఫీసర్లకున్న పట్టు హైకోర్టు లాయర్లకు కూడా ఉండదు.

ఆ మధ్య కోకాపేటలో ఓ టవరు గేటు దగ్గర చూశాను. ప్లాస్టిక్ కుర్చీలో ఓ బిహార్ కుర్రాడు, మోకాలి దాకా సిమెంటు కట్టు. ఏం పని తమ్ముడూ అంటే, గేటు చూసుకుంటున్నానన్నాడు. గేటుకి అప్పటికే ఇద్దరు గార్డులున్నారు. నిన్న పొద్దున పరంజా మీంచి పడ్డాడట. నిన్న సాయంత్రం కట్టు, ఇవాళ డ్యూటీ. డ్యూటీలో ఉన్నవాడికి ప్రమాదం జరిగిందని ఎలా అంటాం? అతని తల వెనకే బోర్డు: ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు. ఆ పొద్దునే అంకె ఒకటి పెంచారు.

ఎముకల డాక్టరుకి ఆరు వారాలు పట్టే పని కుర్చీ ఒక్క పూటలో చేసేస్తుంది. కుర్చీకి నాలుగు కాళ్లుంటే చాలు, మనిషికి ఒకటి తగ్గినా రిజిస్టరు ఏమీ అనుకోదు. రేపు గేటు పక్కన నులకమంచం వేసి నైట్ షిఫ్టంటారు. సేఫ్టీ వారోత్సవాల్లో షీల్డు ఆ మంచానికే ఇవ్వాలి.

డెలివరీ కుర్రాళ్లకైతే ఈ కుర్చీ యోగం కూడా లేదు. మాదాపూర్‌లో బండి జారితే అది ఉత్త రోడ్డు ప్రమాదం.

ఇక నవ్వలేను. 2016లో అదే మాదాపూర్‌లో, అయ్యప్ప సొసైటీ మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు: 54 మంది పోయారు. వాళ్లలో ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు. ఆ పొద్దున లోపల ఎందరున్నారో లెక్క తేలడానికే రోజులు పట్టింది. ఐదు రోజులకే, జులై 5న, సర్కారు జీవో: వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలు పని చేయించుకోవచ్చు! మళ్లీ కుర్చీ దగ్గరికొస్తే, చచ్చినవాణ్ణి అందులో కూర్చోబెట్టడం కుదరదు కాబట్టి చావులు బయటపడతాయి. విరిగిన కాళ్లు, తెగిన వేళ్లు పడవు. వేలు తెగిన రోజే కబురొస్తే ఆ మెషిన్ ఆపించొచ్చు, తర్వాతివాడి చెయ్యి మిగులుతుంది. ఆ కబురు మింగినవాడు కాగితం ఒక్కటే దాచాడా? ఆ చెయ్యి వాడు నరికినట్టే.

పోయిన వారం మళ్లీ అటు వెళ్లాను. కుర్రాడు లేడు. ఊరికి పంపేశారని గార్డు చెప్పాడు. బోర్డు మీద అంకె బాగా పెరిగింది. కుర్చీలో ఇంకొకడున్నాడు. ఈసారి కట్టు చేతికి.