వినబడుతోందా పిల్లలూ?

సగం మంది గదిలో, సగం మంది ఇంకెక్కడో ఉండే చదువుకు హైబ్రిడ్ అని పేరు పెట్టి, కరోనా తెచ్చిన కొత్త వింత అన్నారు. అన్నవాళ్ళు మన బీఈడీ కాలేజీల ముఖం చూసి ఉండరు. ఫీజు మీద ఇంకాస్త సమర్పించుకుంటే గడప తొక్కకుండానే హాజరు పడే ‘నాన్ అటెండింగ్’ విద్య జూమ్ పుట్టకముందే మన దగ్గర ఉంది. రికార్డు రాసిపెట్టేవాడొకడు, చార్టులో బొమ్మ వేసిపెట్టేవాడొకడు. అంతా దూరవిద్యే, నెట్ ఖర్చు కూడా లేదు.

మా మేనకోడలు మాత్రం, దాని ఖర్మ, అటెండింగ్ రకం. అది రెండో ఏడాదికి వచ్చేసరికి 2020, బడులకు తాళాలు. రెండో ఏడాదిలో 16 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ చేసి తీరాలని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిబంధన. బడి మూతపడొచ్చు గానీ నిబంధన మూతపడదు కదా! సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ చెప్పగా మిగిలినది ఫోన్లో చెప్పమని హెడ్మాస్టారు తొమ్మిదో తరగతిని దీనికి అప్పగించారు.

మా అక్క వంటిల్లే తరగతి గది. కందిపప్పు డబ్బాకు ఆనించిన ఫోను, ఫ్రిజ్ పక్కన బోర్డు. మొదటి రోజు ‘కణ నిర్మాణం’ అని రాసి ఫోను వైపు చూసుకుంటే అక్షరాలు తిరగబడి ఉన్నాయి. సెల్ఫీ కెమెరా అద్దంలా చూపేది మనకే, అవతలివాళ్ళకు తిన్నగానే కనిపిస్తుందని బీఈడీలో ఏ పేపరూ చెప్పలేదు. పిల్ల కంగారుగా చెరిపేసి, తన ఫోన్లో తిన్నగా కనిపించేదాకా కుస్తీపట్టి, తిరగేసి రాసింది. అవతల నుంచి ఓ గొంతు: “మేడమ్, ఇది హిందీ క్లాసా?”

సూక్ష్మబోధన అని ఒకటుంటుంది. 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు మంచిచెడ్డలు, 12 నిమిషాలు దిద్దుబాటు, మళ్ళీ 6 బోధన, ఇంకో 6 మంచిచెడ్డలు. వెరసి 36 నిమిషాలు. ఆన్‌లైన్లో మొదటి ఆరూ “వినబడుతోందా?” తోనే అయిపోయాయి. తర్వాతి ఆరూ “కనబడుతోందా?”. ప్రశ్నించే నైపుణ్యం ఇంతకన్నా ఎవరు చూపగలరు? పునర్బలన నైపుణ్యం, అంటే మెచ్చుకుని ఉత్సాహపరచడం, మాత్రం సులువైంది. బొటనవేలి బొమ్మ ఒకటి పంపితే చాలు.

ఓ రోజు పర్యవేక్షణకు కాలేజీ సారు లింకులోకి వచ్చారు. కెమెరా ఆపారు, మైకు ఆపడం మరిచారు. పాఠం కణత్వచం దాకా వచ్చేసరికి, “పావుకిలో పచ్చిమిర్చి చాలయ్యా, కరివేపాకు ఊరికే వెయ్యి” అని గంభీరంగా వినిపించింది. ముప్పైమంది ఒక్కసారి నవ్వారు. మర్నాడు సారు వ్యాఖ్య అందింది: “తరగతి సజీవముగా సాగినది.”

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తలుపులు తెరిచారు. అమ్మానాన్నల అంగీకార పత్రం తెచ్చినవాళ్ళు బెంచీల మీద, తేనివాళ్ళు ఫోన్లో. నల్లబల్లకు 45 డిగ్రీల కోణంలో నిలబడి రాయాలని నేర్పారు గానీ ఫోనుకు ఎన్ని డిగ్రీలో చెప్పలేదు. బెంచీలకు ముఖం చూపిస్తే ఫోనువాళ్ళకు వీపు. ఫోను వైపు తిరిగితే వెనక బెంచీలో సుద్దముక్కల యుద్ధం. మధ్యే మార్గమని పక్కకు తిరిగితే ఇరువర్గాలకూ చెరో చెవి దక్కింది.

ఆ ఫోనులో ఒక పేరు మాత్రం పగలు ఎప్పుడూ వెలగలేదు. వాళ్ళింట్లో ఉన్నది ఒకటే ఫోను, అది తండ్రితోపాటు ట్రాక్టరెక్కి పోతుంది, రాత్రి ఎనిమిది దాటాకే ఇల్లు చేరుతుంది. అందుకని ఈ పిల్ల రోజూ రాత్రి అన్నం తిని, ఆ పిల్లాడికి ఫోన్ చేసి పావుగంట పాఠం చెప్పేది. బోర్డు లేదు, చార్టు లేదు, బొటనవేలూ లేదు. “వినబడుతోందా?” అని అది అడగ్గా నేనైతే వినలేదు.

“మామయ్యా, దీన్ని రికార్డులో ఏ గడిలో రాయాలి?” అని అడిగింది ఒకసారి. ఇద్దరం కలిసి వెతికాం. తేదీ ఉంది, పీరియడ్ ఉంది, బోధనోపకరణాలున్నాయి, పర్యవేక్షకుల సంతకం ఉంది. రాత్రి ఎనిమిది గంటల పీరియడ్ లేదు. రాయకుండానే సమర్పించింది. మంచి మార్కులే వచ్చాయి, సజీవముగా సాగిన తరగతికి.

ఛాత్రోపాధ్యాయులకు డిజిటల్ బోధన నేర్పడానికి కొత్త పేపర్లు, కొత్త తెరలు తెచ్చే పెద్దలకు ఒకటే మనవి. తెచ్చేవి తెండి. ముందు ఆ రికార్డులో ఒక గడి గీయండి: ‘ఈరోజు పాఠం అందనిది ఎవరికి? వారికి ఎలా చెప్పారు?’ దానికి పర్యవేక్షకుల సంతకం అక్కర్లేదు. కరివేపాకు బేరం చూసుకోమనండి.