నేను, జిమ్ రాడ్‌ని

నా బరువు 20 కిలోలు. ప్లేట్లు తగిలించకముందు మాట. పొడవు 2.2 మీటర్లు, అంటే ఏడడుగుల పైచిలుకు. మీరట్‌లో తయారై, లారీలో వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. కింద టిఫిన్ సెంటర్, పైన పోటీపరీక్షల కోచింగ్, మధ్య అంతస్తులో మా జిమ్. పొద్దున్నే షట్టర్ లేపేసరికి కిందనుంచి సాంబారు వాసన వచ్చి, లోపలి చెమట వాసనతో కలిసిపోతుంది. బరువు తగ్గడానికి వచ్చినవాళ్లకి ఇంతకన్నా పరీక్ష లేదు.

నా ఒంటిమీద చెయ్యి జారకుండా గరుకు గీతలు చెక్కి ఉంటాయి. లోకం నాకు ఆ గీతల ద్వారానే తెలుస్తుంది. పట్టుకున్నవాడు బొటనవేలు చుట్టాడా లేదా, కుడిచెయ్యి ఎడమదానికన్నా ముందు లేస్తోందా, మూడో రెప్‌కే పట్టు సడలిందా, అన్నీ. నాకు తెలిసిన దారి ఒక్కటే: పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన, నిటారుగా పైకి, నిటారుగా కిందికి. ఆ దారి తప్పి నాలుగంగుళాలు ముందుకొచ్చినా నా బరువు మారదు. ఎత్తేవాడి నడుము మీద పడే భారం మాత్రం మారిపోతుంది.

మొదట్లో నన్ను ఏలింది ‘అన్న’. జిమ్‌లో అందరూ అలాగే పిలుస్తారు. గోడ మీద నూనె రాసుకుని నిలబడ్డ అతని పోటీ ఫొటో, బయట ఫ్లెక్సీ మీద ‘12 సంవత్సరాల అనుభవం’. మంచివాడు. ఫీజు కట్టలేని కుర్రాళ్లని ఓనరుకి తెలియకుండా రానిచ్చేవాడు. చేరేవాళ్లంతా అతని చేతులు చూసి చేరేవారు. ఆ చేతులు అబద్ధం కాదు, ఎంతో కష్టపడి పెంచుకున్నవే. కాకపోతే అవి అతని ఒక్క ఒంటి గురించే సాక్ష్యం చెబుతాయి. ఎదురుగా నిలబడ్డవాడి మోకాలి సంగతి వాటికేం తెలుసు? అన్న దగ్గర ఒక జిరాక్సు చార్టు ఉండేది. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు. సాఫ్ట్‌వేర్ కుర్రాడికీ అదే, బీపీ ఉన్న కిరాణా సేటుకీ అదే.

ఒక పెళ్లికొడుకు వచ్చాడు. మూడు నెలల్లో ముహూర్తం, షేర్వాణీ నప్పాలి. రెండో వారానికే నాకు రెండువైపులా ఇరవై ఇరవై తగిలించి డెడ్‌లిఫ్ట్ అన్నారు. మొదటి రెండు రెప్స్ బాగానే లేపాడు. మూడోసారి నేను అతని కాళ్లకి దూరంగా జరిగాను, వీపు విల్లులా వంగింది. ‘నీతోటి ఐతదన్నా, ఇంకొక్కటి కొట్టు!’ అని అన్న అరుస్తున్నాడు, ప్రేమగానే. అన్న చూస్తున్నది అతని ముఖంలో కసిని. చూడాల్సిన నడుము అద్దంలో పక్కనుంచి కనిపిస్తూనే ఉంది. నాలుగోసారి నేల వదిలానో లేదో అతని వేళ్లన్నీ ఒక్కసారి వదిలేశాయి. నేను దభీమని పడ్డాను. అతను నిలబడలేకపోయాడు. ‘పట్టేసింది, ఏం గాదు, రెండ్రోజులు రెస్ట్ తీస్కో’ అని అన్న స్ప్రే కొట్టాడు. ఆ కుర్రాడు మళ్లీ నన్ను ముట్టుకోలేదు.

ఇంకొకడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్నవాడు. పదహారు వందల మీటర్ల పరుగుకి కాళ్లు గట్టిపడాలని చేరాడు. చేరిన రోజే స్క్వాట్లు, లంజెస్, మళ్లీ స్క్వాట్లు. కాళ్లు వణుకుతున్నా ఆపనివ్వలేదు. మూడో రోజుకి మూత్రం కోలా రంగులో వచ్చిందని, ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారని రూమ్మేటు వచ్చి చెప్పాడు. అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా నలగ్గొడితే అది చిట్లి, లోపలి పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. డాక్టర్లు దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. ఇందులో నా బరువు తప్పేమీ లేదు, చాలా సెట్లలో నేను ఉత్త రాడ్‌నే. మొదటిరోజు ఎంత చాలో తెలియకపోవడమే తప్పు.

అన్న ఉండగానే ఓనరు ఒక కొత్త కుర్రాణ్ణి కూడా పెట్టాడు. వ్యాయామ విద్యలో డిగ్రీ, ఆపైన అమెరికా సంస్థ సర్టిఫికెట్టు. ఆ కాగితం ఊరికే రాదు. సీపీఆర్ నేర్చుకుని ఉండాలి, రెండేళ్లకోసారి మళ్లీ పాఠాలు చదివి రెన్యువల్ చేయించుకోవాలి. వాడు రాగానే చేరేవాళ్లకి ఏడు ప్రశ్నల ఫారం ఇచ్చాడు. గుండెజబ్బు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, మందులు వాడుతున్నారా, ఇలాంటివి. కిరాణా సేటు బీపీ సంగతి అన్నేళ్లకి బయటపడింది ఆ కాగితంతోనే. ‘ఊపిరి బిగబట్టి ఎత్తకండి సార్’ అని సేటుకి కూర్చోబెట్టి చెప్పాడు. 1985లో కెనడాలో బాడీబిల్డర్లు లెగ్ ప్రెస్ చేస్తుండగా ధమనిలో గొట్టం పెట్టి కొలిస్తే రక్తపోటు సగటున 320/250 దాకా ఎగబాకిందట. సేటు ఆ అంకె విని లెగ్ ప్రెస్ వైపు చూడటమే మానేశాడు. అదీ మరీ ఎక్కువే అనుకోండి.

అయితే ఆ కుర్రాడికి పుస్తకం చేతుల్లోకి దిగలేదు. బెంచ్ ప్రెస్‌కి తలవైపు సరిగ్గానే నిలబడతాడు, కానీ నేను ఆగిపోబోతున్నానని అతనికి తెలియదు. రాడ్ ఎవరి ఛాతీ మీదైనా ఆగిపోయే ముందు ఒక లెక్కన నెమ్మదిస్తుంది, ఒకపక్కకి ఒరుగుతుంది. చూసీ చూసీ అలవడాల్సిన చూపు అది. ఓసారి అతను అందుకునేసరికే నేను ఒకాయన మెడదాకా దిగిపోయాను. లాకులు కూడా పెట్టలేదు గనక ఆయన తెలివిగా ఒరిగి, ఒకవైపు ప్లేట్లు జార్చేసి బయటపడ్డాడు. ఆ జారిన ప్లేటు పక్కవాడి కాలికి జానెడు దూరంలో పడింది.

అప్పుడు వచ్చింది కోచ్ మేడమ్. ఆమదాలవలస వైపు మనిషి. ఒకప్పుడు వెయిట్‌లిఫ్టరు, ఆ తరువాత పటియాలాలోని జాతీయ క్రీడాసంస్థలో కోచింగ్ డిప్లొమా. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కబురు విన్న ఊళ్లలో పెరిగినవాళ్లకి నేనంటే భయం ఉండదు. మర్యాద ఉంటుంది.

నాకు మాత్రం మేడమ్ మొదటిరోజే అవమానం చేసింది. కొత్తగా చేరినవాళ్లకి నన్నివ్వలేదు. ప్లంబర్ దగ్గరనుంచి తెచ్చిన పీవీసీ పైపు ముక్క ఇచ్చింది! తెల్లటిది, ఉఫ్ అంటే ఎగిరిపోయేది. దాన్ని తల వెనక, వీపు, పిరుదులు మూడింటికీ తగిలేలా పెట్టుకుని వంగమంది. ‘ఏటి బాబూ, పైపు వీపుని వదిలీసింది? మళ్లీ.’ అలా వారాలకి వారాలు. కుర్రాళ్లు సిగ్గుపడ్డారు, ఇద్దరు ఫీజు వెనక్కి అడిగారు. ఆ పైపుతో కుదిరినవాళ్లే తరువాత నా దగ్గరికి వచ్చారు. వాళ్ల చేతుల్లో నేను నా దారి తప్పలేదు. కండరం వారాల్లో బలపడుతుంది, దాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటి స్నాయువు మాత్రం చాలా ఆలస్యంగా గట్టిపడుతుందని మేడమ్‌కి తెలుసు. అందుకే ఎత్తగలిగినవాడికి కూడా ఎత్తనివ్వదు.

ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చింది. ఎముకల సాంద్రత తగ్గిందని డాక్టరు చెప్పారట. ‘మా అమ్మకి ఈ రాడ్లు వద్దండీ, వాకింగ్ చాలు’ అని కూతురు గొడవ. మేడమ్ ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో జరిగిన ప్రయోగం సంగతి చెప్పింది. 58 దాటిన, ఎముకల సాంద్రత తక్కువగా ఉన్న 101 మంది ఆడవాళ్లలో ఒక బృందం చేత ఎనిమిది నెలలు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున బరువులు ఎత్తించారు. డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, తలపైకి ప్రెస్. చివరికి తమ శక్తిలో 85 శాతం పైన. పక్కన చదువుకున్న నిపుణులు నిలబడి, మొదటి నెలంతా తేలిక బరువులతో పద్ధతే నేర్పారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎముకలు గట్టిపడ్డాయి. దెబ్బ అని చెప్పుకోడానికి ఒకరికి స్వల్పంగా నడుము పట్టేసింది, అంతే. టీచరమ్మ ఇప్పుడు నన్ను ఎత్తుతుంది, ఎత్తే ముందు కొంగు నడుముకి బిగించి మరీ. పాతికేళ్ల పెళ్లికొడుకు నడుము పోగొట్టుకున్నది ఇదే రాడ్‌తో.

మేడమ్ ఓనరుతో వాదించేటప్పుడు ఇంకో మాట చెప్పింది. 2002లో అమెరికాలో 115 మంది ట్రైనర్లకి పరీక్ష పెట్టారట. వ్యాయామశాస్త్రంలో డిగ్రీ ఉన్నవాళ్లకీ, గట్టి సర్టిఫికెట్లు ఉన్నవాళ్లకీ మార్కులు ఎక్కువ వచ్చాయి. ఎన్నేళ్లుగా చేస్తున్నారన్న దానికీ మార్కులకీ సంబంధమే కనపడలేదు. ‘మరి మా వాడి పన్నెండేళ్లు?’ అన్నాడు ఓనరు. అన్న అక్కడే డంబెల్స్ సర్దుతున్నాడు.

నేను ఆ పన్నెండేళ్లలో చాలా చూశాను గనక నా అభిప్రాయం చెబుతాను. ఏళ్లు నేర్పకపోవు. కానీ జిమ్‌లో దెబ్బ తగిలినవాడు ఫిర్యాదు చేయడు, రావడం మానేస్తాడు. రిజిస్టర్‌లో అతని పేరు పక్కన ‘రెన్యువల్ లేదు’ అని పడుతుంది. మిగిలేది ఏ పద్ధతికైనా తట్టుకునే గట్టి ఒళ్లున్నవాళ్లు, అద్దం పక్కన అంటించే ఫొటోలూ వాళ్లవే. ఇక తన పద్ధతి తప్పని అన్నకి చెప్పేదెవరు? పైగా జీతం తక్కువ, పర్సనల్ ట్రైనింగ్ కమిషన్ మీదే ఇల్లు గడవాలి. ఆగు, ఇవాళ్టికి చాలు అన్న ట్రైనర్‌కి క్లయింటు దొరకడం కష్టం. ఈ దేశంలో ఆటో నడపాలంటే లైసెన్సు కావాలి, మనిషి వెన్నెముక మీద వంద కిలోలు పెట్టించడానికి అక్కర్లేదు. ప్రభుత్వ నైపుణ్య మండలి కింద ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు ఉన్నా, చేసి తీరాలన్న రూలు లేదు.

మేడమ్ చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది పైపు కాదు, ఫోను. నెల తిరక్కుండా మానేసిన ప్రతివాళ్లకీ చేస్తుంది. ఫీజు కోసం కాదు, ఎందుకు మానేశారని. సమాధానాలు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. భుజం ఎప్పటినుంచి, ఏ వ్యాయామంలో, ఎంత బరువులో. ఈ మధ్య పాత రిజిస్టర్లు కూడా తీసింది. నిన్న మధ్యాహ్నం, జిమ్ ఖాళీగా ఉన్న వేళ, స్పీకర్ పెట్టి ఆ పెళ్లికొడుక్కి చేసింది. పెళ్లిలో పీటల మీద కూర్చోలేక కుర్చీ వేయించుకున్నానని చెప్పాడతను నవ్వుతూనే. ఇప్పటికీ పాపని వంగి ఎత్తుకోలేడట.

అన్న చేతిలోని ప్లేటు నా కొనకి తగిలిస్తూ ఆగిపోయాడు. ‘గప్పుడే చెప్పాల్సుండె గదా తమ్మీ’ అన్నాడు ఫోన్ దగ్గరికొచ్చి.

‘ఎవరూ అడగలేదు గదన్నా.’

మేడమ్ నోట్‌బుక్ అతనివైపు జరిపింది. అన్న కాసేపు పెన్ను వెతికాడు. ‘ఎంఆర్‌ఐల ఏమొచ్చింది? ఏ డిస్క్ అన్నరు? జర ఆగి చెప్పు, రాస్కుంటున్న.’