పక్కన పరిగెత్తేవాడు ఏడీ?

మా రోజుల్లో మద్రాసు వ్యాసర్పాడి పిల్లకాయలకి పరుగు ఎవరూ నేర్పలేదు. బిన్నీ మిల్లు సైరన్ మోగేలోపు నాయనకి క్యారియర్ అందాలి, అంతే. ఆదివారం తెల్లారకముందే వీధంతా లేచి, బేసిన్ బ్రిడ్జి మీదుగా సెంట్రల్ దాటి మెరీనా దాకా పరిగెత్తేవాళ్లం. కాళ్లకి చెప్పుల్లేవు, చేతికి గడియారం లేదు. వెనకబడితే సిగ్గు, ముందుంటే ఆ వారమంతా గౌరవం.

మాకు ఆరాధ్యుడు శివనాథ్ సింగ్. బీహారు మనిషి, సైనికుడు. ఉత్త కాళ్లతో పరిగెత్తేవాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో పదకొండోవాడుగా వచ్చాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో ముగించాడు. ఆ జాతీయ రికార్డు నలభై ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. అదే మాంట్రియల్‌లో శ్రీరామ్ సింగ్ 800 మీటర్లలో పెట్టిన రికార్డు 42 ఏళ్లు, హరిచంద్ 10,000 మీటర్ల రికార్డు 32 ఏళ్లు నిలిచాయి. మా కాలం వాళ్ల సత్తా అది.

ఇప్పుడేమో అందరి కళ్లూ బూట్ల మీదే. 2019లో వియన్నాలో కెన్యావాడు కిప్‌చోగే మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తాడు. రికార్డుగా లెక్కకు రాకపోయినా, మనిషికి సాధ్యం కాదన్న హద్దు దాటాడు. మా వీధి కుర్రాడు ఆ వీడియో చూసి, "తాతా, ఆ బూట్లు ఎంతుంటాయి?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒరే, ఆయన చుట్టూ వంతులు మార్చుకుంటూ, గాలికి అడ్డం కాస్తూ పరిగెత్తిన మేటి వీరులు నీ కంటికి ఆనలేదా?

1954లో ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ నాలుగు నిమిషాల లోపు మైలు ముగించిందీ అలాగే. మొదట బ్రేషర్, తర్వాత చాటవే ముందుండి పరిగెత్తుతూ అతన్ని లాక్కెళ్లారు. 3 నిమిషాల 59.4 సెకన్లు. ఏడు వారాలు కూడా తిరక్కుండానే ఆస్ట్రేలియావాడు లాండీ దాన్ని మించిపోయాడు. ఒకడు దాటాడంటే ఇంకొకడు ఊరుకోడు.

ఇప్పటివాళ్లలో చేవ లేదని నేననను. అలీగఢ్ జిల్లా పల్లెటూరి సైనికుడు గుల్వీర్ సింగ్‌నే చూడండి. 10,000 మీటర్లలో సురేంద్ర సింగ్ 2008లో పెట్టిన 28 నిమిషాల 2.89 సెకన్ల రికార్డును 2024లో బద్దలు కొట్టాడు. మరుసటి ఏడు 27 నిమిషాల 0.22 సెకన్లకు తెచ్చాడు. ఈ రెండూ కాలిఫోర్నియాలోనే ఎందుకు జరిగాయి? అక్కడ తనకన్నా వేగంగా పరిగెత్తేవాళ్లు పక్కనున్నారు. మన రికార్డులు అన్నేళ్లు నిలవడానికి ఆనాటి వీరుల గొప్పతనమెంతో, వాళ్ల వెనక గుంపును తయారుచేయని మన నిర్లక్ష్యమూ అంతే.

ఇవాళ మద్రాసులో పరుగు పందేలకు కొదవలేదు. రుసుము కడితే టీషర్టు ఇస్తారు, చివరిదాకా వెళ్తే పతకం వేస్తారు. రుసుము కట్టలేని పిల్లకాయ ఎక్కడ పరిగెత్తాలి? కట్టగలిగినవాడు చెవుల్లో పాట పెట్టుకుని, ఫోనులో అడుగులు లెక్కపెట్టుకుంటూ ఒంటరిగా పోతాడు. పక్కవాడి ఊపిరి వినపడనివాడికి పంతం ఎక్కడిది?

మా పేటలో ఊపిరికి కరువు లేదు. వ్యాసర్పాడి అంటే ఫుట్‌బాల్ అని ఊరంతా ఎరుగుదురు. ఆటంతా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికే పిల్లలు వాళ్లు. అలాంటివాళ్లని ఇరవై మందిని రోజూ పొద్దున్నే ఒక్కచోట చేర్చండి. రుసుము అడక్కండి, బూట్లు లేవని వెనక్కి పంపకండి. కడుపుకి తిండి పెట్టండి, సమయం చూసే ఒక మాస్టారిని పెట్టండి. ఒకణ్ణి దాటాలని ఇంకొకడు పరిగెత్తనివ్వండి. పాత రికార్డులు వాళ్లే చూసుకుంటారు.