మాస్టారి బ్రష్షు

"కరెంటు తీగతో నడిచే డ్రిల్లు నా లిస్టులోంచి కొట్టేశానయ్యా. తడి కార్పెట్ మీద మోకాళ్లేసుకుని 230 వోల్టులతో చెలగాటం ఎందుకు?" అంటూ మాస్టారు నోటుపుస్తకంలో ఒక గీత గీశారు.

విజయవాడ ఆటోనగర్‌లో నాది వాటర్ సర్వీసింగ్ షెడ్డు. మాస్టారు నాకు ఇంటర్లో ఫిజిక్స్ చెప్పారు. ప్రాక్టికల్స్‌లో రీడింగు పిసరంత తేడా వచ్చినా రికార్డు విసిరికొట్టే మనిషి. రిటైరయ్యాక కూడా ఆ పద్ధతి పోలేదు. కారు కార్పెట్ రుద్దే మెషీను బ్రష్షు కొనాలని వచ్చినప్పుడు, ఏదో ఒకటి చెప్పి పంపించేద్దాం అనుకున్నాను. కుదిరితేగా!

ఆయన పుస్తకంలో మూడు రకాలున్నాయి. ఒకటి, డ్రిల్లుకి తగిలించుకునే కుచ్చుల సెట్టు. డ్రిల్లు ఇంట్లో ఉంటే వందల్లో పని అయిపోతుంది. మామూలుగా తెల్ల కుచ్చు మెత్తన, పసుపు మధ్యరకం, ఎరుపు గట్టిది. కానీ రంగుని నమ్మడానికి లేదు, కంపెనీని బట్టి మారుతుంది. ముంజేతి మీద రాసి చూసుకోవాల్సిందే. రెండోది బాత్రూం టైల్సు కడిగే పొడుగు పిడి బ్యాటరీ బ్రష్షు. అది టైల్సు వరకే. కార్పెట్ మీద కాస్త నొక్కితే చాలు, మోటారు మొరాయిస్తుంది. మూడోది కార్లకి డిటెయిలింగ్ చేసేవాళ్లు వాడే రకం. గుండ్రంగా తిరగదు, ఉన్నచోటే ముందుకీ వెనక్కీ వణుకుతుంది. దాని ధర వేలల్లో.

"తిరిగేదానికీ వణికేదానికీ తేడా ఏంటోయ్?" అని మా కుర్రాణ్ణి అడిగారు.

మావాడు పదో తరగతి గట్టెక్కలేదుగానీ కార్పెట్ల సబ్జెక్టులో వాడే లెక్చరరు. "తిరిగేది పీచుని మెలేస్తుంది మాస్టారూ. మెలిపడ్డ పీచు ఉండకడుతుంది, మళ్లీ లేవదు. వణికేదైతే అడుగునున్న ఇసకని పైకి తెస్తుంది, వ్యాక్యూమ్‌తో లాగెయ్యొచ్చు. కాదు, డ్రిల్లే వాడతానంటారా, స్పీడు తగ్గించి, ఒక్కచోట ఆపకుండా జరుపుతా ఉండాలి. ముందు సీటు కింద కనపడని చోట చేసి చూడండి."

"ఘర్షణ గురించి నువ్వు నాకు చెబుతున్నావుట్రా!" అని మాస్టారు నవ్వి, వన్‌టౌన్ వెళ్లి బ్యాటరీ డ్రిల్లూ ఎర్ర కుచ్చూ కొనుక్కొచ్చారు. ఆ సాయంత్రమే మా షెడ్డులో, సీటు కింద కాదు, సరిగ్గా యాక్సిలరేటర్ పక్కన కుచ్చుని బలంగా అదిమిపెట్టి ట్రిగ్గరు లాగారు. చాలా కార్లలో కార్పెట్ పీచు పాలియెస్టరో పాలీప్రొపిలీనో అయి ఉంటుంది. పేరేదైనా ప్లాస్టిక్కే, వేడికి ఆగదు. మాడు వాసన తగిలి చెయ్యి తీసేసరికి టీగ్లాసు అడుగంత మేర పీచు కరిగి, నున్నగా అట్టకట్టి మెరుస్తోంది. బొటనవేలితో నొక్కి చూసుకుని, ఏమీ అనకుండా పుస్తకంలో ఇంకో గీత గీశారు. మర్నాడు వణికే రకం కొన్నారు.

ఇంత తతంగం ఎందుకంటే, 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మాస్టారి కారు ఇంటిముందే ఉంది. సీట్లు మునిగాయి. నీళ్లు తీసేదాకా రోజుల తరబడి అలాగే నానింది. ఆ నెలంతా ఆటోనగర్‌కి టోయింగ్ బళ్ల మీద ఊరేగింపుగా వచ్చినట్టే వచ్చాయి కార్లు. తొందరపడి తాళం తిప్పినవాళ్లకి సిలిండర్లలోకి పోయిన నీళ్ల మూలంగా కనెక్టింగ్ రాడ్లు వంగి ఇంజన్లే పోయాయి. మాస్టారు ఫిజిక్సు మనిషి కదా, నీళ్లు నొక్కుకుపోవని తెలుసు. తాళం ముట్టుకోలేదు. మెకానిక్కు ఇంజను ఆరబెట్టి, ఆయిళ్లు మార్చి స్టార్టు చేశాడు. ఇన్సూరెన్సు థర్డ్‌పార్టీయే కాబట్టి క్లెయిము చేసే వీల్లేకపోయింది. క్లెయిము లేదు కాబట్టి ఆ బండి మునిగినట్టు ఏ కాగితం మీదా లేదు.

అది నష్టమని మేం జాలిపడ్డాం. మాస్టారు అలా అనుకోలేదు.

"పైన రుద్దితే లాభం లేదు మాస్టారూ" అన్నాడు మా కుర్రాడు. "సీట్లు విప్పి, కార్పెట్ లేపి, కింద ఫెల్ట్ తీసి పారెయ్యాలి. బురదంతా దాంట్లోనే ఉంటది. తడి పట్టి అడుగు రేకుని తినేస్తది. వైర్లు, ఎయిర్‌బ్యాగు డబ్బా... అన్నీ కిందే."

"కొనేవాడు కార్పెట్ చూస్తాడా, ఫెల్ట్ చూస్తాడా?"

వాడు జవాబివ్వలేదు. నేనూ నోరు మెదపలేదు. గురువుగారు, పైగా గిరాకీ.

పనిమాత్రం, ఉన్నమాట చెప్పుకోవాలి, అంత నీటుగా చేసినవాణ్ణి నా షెడ్డులో చూడలేదు. తడి తగలకముందే వ్యాక్యూమ్ పట్టి పొడి మట్టంతా లాగారు. తడిస్తే అది మళ్లీ బురదే కదా. షాంపూ నీళ్లుగా పొయ్యకుండా నురగ మాత్రమే తీసి పూశారు. జానెడు జానెడు చొప్పున బ్రష్షు నడిపి, మురుగుని వెట్ వ్యాక్యూమ్‌తో పీల్చి, ఫ్యాను పెట్టి ఆరబెట్టారు. చివర్లో సీటుబెల్టులు మొత్తం బయటికి లాగి, లోపలి కొసన ఉన్న మట్టి చారని పాత టూత్‌బ్రష్షుతో కడిగారు. వరద బండిని పట్టుకునేవాళ్లు మొదట చూసేది అక్కడే. కార్పెట్ షోరూంలోంచి వచ్చినట్టుంది. యాక్సిలరేటర్ పక్కనున్న గుండ్రటి మచ్చ మీద మందపాటి మ్యాటు వేశారు.

హైదరాబాద్ నుంచి బ్రోకరు వచ్చి మూడున్నర లక్షలకి పట్టుకుపోయాడు. ఆ డబ్బు మాస్టారమ్మాయి పెళ్లి ఖర్చుల్లో కలిసిపోయింది. "నాకింక దీంతో పనేముంది" అని బ్రష్షు మాకిచ్చేశారు. ఇప్పటికీ అదే వాడుతున్నాం. పనిమంతురాలు.

మొన్న 2026 సంక్రాంతికి అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. తెల్ల కారు, టీజీ నంబరు, కొత్త సీటు కవర్లు. ఆ మోడలు తెల్ల కార్లు మా షెడ్డుకి రోజూ వస్తూనే ఉంటాయి, ఎవరు పట్టించుకుంటారు?

"ఏసీ వేస్తే చాలండీ, చెరువు అడుగు వాసన. ఎయిర్‌బ్యాగు లైటు కూడా ఆరట్లేదు. మీ అమ్మాయి ముందు సీట్లో కూర్చోనంటోంది" అన్నాడు అల్లుడు, సగం మామగారితో సగం నాతో.

"వాసన సంగతి వీళ్లు చూస్తార్లెండి అల్లుడుగారూ" అన్నారు మాస్టారు హుషారుగా. "వీళ్ల దగ్గరున్న బ్రష్షు నేను ఎంచి కొన్నదే. కార్పెట్ శుభ్రంగా ఉంటే బండి ఇల్లులా ఉంటుంది."

"కార్పెట్ చూసే కొన్నాను మామయ్యగారూ! నాకంటే ముందు ఇద్దరు ఓనర్లట. వరద బండేమోనని అనుమానం వచ్చి అడిగాను. మునిగిన బండి కార్పెట్ ఇలా ఉంటుందా సార్ అని కన్సల్టెన్సీవాడు చూపించాడు. నేనూ తక్కువ తినలేదు, సీటుబెల్టు ఆ చివరిదాకా లాగి చూశాను. మచ్చ లేదు. పెళ్లిలో కారుకని మీరిచ్చిన ఎనిమిది లక్షల్లో ఆరున్నర దీనికే పెట్టాను."

మాస్టారు మెచ్చుకోలుగా తల ఊపారు. "మంచిపని చేశారు. నడిపినవాడు పద్ధతి తెలిసినవాడై ఉంటాడు."

మా కుర్రాడు డ్రైవరు వైపు డోరు తీసి మ్యాటు లేపాడు. యాక్సిలరేటర్ పక్కన, టీగ్లాసు అడుగంత, నున్నగా మెరుస్తోంది. వాడు నావైపు చూశాడు. నేను చూరుకేసి చూస్తున్నాను. మాస్టారు వంగి, బొటనవేలితో నొక్కి చూశారు.

వాడు మేకుకి వేలాడుతున్న బ్రష్షు తీసి, ప్యాంటుకి తుడిచి, ఎంతో వినయంగా అడిగాడు:

"మాస్టారూ, ఈసారి కూడా పైపైనే రుద్దమంటారా, కింద ఫెల్ట్ తీసెయ్యమంటారా?"

అల్లుడు మామగారి వైపు తిరిగాడు.

"ఈసారి కూడా ఏంటి మామయ్యగారూ?"