కరెంటు కారు.. కాకిలెక్క!

కోల్‌కతాలో లీటరు పెట్రోలు వంద దాటి చాన్నాళ్లయింది. కరెంటు కారు కొంటే బోలెడు ఆదా అంటున్నారు బాబుమొషాయ్‌లు. లెక్క చూడండి: పెట్రోలుతో కిలోమీటరుకు సుమారు ఏడు రూపాయలు, ఇంట్లో ఛార్జింగ్ పెడితే రూపాయిన్నర. మిగులు అయిదున్నర! కారుకు అదనంగా నాలుగు లక్షలు పోశారనుకుంటే, అవి రాబట్టడానికి సుమారు 73 వేల కిలోమీటర్లు తిరగాలి. ఈ ట్రాఫిక్‌లో రోజుకు 20 కదలడమే గగనం. అంటే పదేళ్లు. బ్యాటరీ వారంటీ సాధారణంగా ఎనిమిదేళ్లే!

ఉత్తర కోల్‌కతా సందుల్లో కారు నిలపడానికే చోటుండదు. ప్లగ్గు కోసం నాలుగో అంతస్తు నుంచి వైరు వేలాడదీయాలి కాబోలు.

బ్యాటరీ, వారంటీ, ఈఎంఐ గొడవల్లేని కరెంటు బండి ఈ ఊళ్లో 1902లోనే పట్టాలెక్కింది. దాన్ని ట్రాం అంటారు. ఎస్ప్లనేడ్–మైదాన్ వారసత్వ మార్గం తప్ప మిగతావి ఆపేస్తామని 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కారణం, ట్రాఫిక్‌కు అడ్డమట!

ఊరందరినీ మోసే కరెంటు బండి రోడ్డుకు అడ్డం. ఒక్కణ్ని మోసే కరెంటు బండికి జీఎస్టీ 5 శాతమే. పర్యావరణం మీద ప్రేమంటే ఇదే మరి!